కదలకూడని చోటు

ఇల్లు లేని మనిషిని ఎక్కడని వెతకాలి? బూట్ల లేసులు బిగించుకుంటూ అతను రోజూ తనను తాను అడిగే ప్రశ్న ఇది. ఈ ఉద్యోగంలో జుట్టు నెరిసింది గాని జవాబు దొరకలేదు. ప్రభుత్వానికి మాత్రం దొరికింది: ఎక్కడ పడుకుంటే అక్కడే. నిరాశ్రయులకు గది ఇవ్వాలంటే గృహశాఖ, ఆరోగ్యశాఖ, పురపాలక సంఘం మనుషులు ముగ్గురూ కలిసి వచ్చి, ఆ మనిషిని ఆ చోటులోనే కళ్ళారా చూడాలి. వారిలో ఒకరు రాకపోయినా, మనిషి అక్కడ కనబడకపోయినా, కథ మళ్ళీ మొదటికే. ఆ ముగ్గురినీ ఒక్క చోటికి చేర్చడం అతని పని. దానికి సమన్వయమని పేరు.

"ఊరందరికీ గదులు ఇప్పిస్తారు. మన వంటింటి కప్పు ఎప్పుడు బాగవుతుంది?" కారుతున్న చోటికి గిన్నె జరుపుతూ అంది భార్య.

"ఇంటివాడికి చెప్పాను."

"చెప్పడమే కదా మీ ఉద్యోగం."

అతను నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. రాత్రంతా వాన. అయినా మనసు తేలికగానే ఉంది. ఇవాళ ముగ్గురూ వస్తున్నారు. ఆ సంగతి నిన్న సాయంత్రమే పెద్దమ్మకు చెప్పి వచ్చాడు.

పెద్దమ్మ అతనికి బంధువు కాదు, వయసును బట్టి ఆ పిలుపు. వంతెన కింద, స్తంభం పక్కన ఉండేది. ఇళ్ళల్లో పాచిపనితో వయసంతా గడిపింది. చేతులు వణికి గిన్నెలు జారిపోతున్నాయని పని మానిపిస్తే అక్కడికి చేరింది. రోజూ తన చోటు ఊడ్చుకునేది. ఒకసారి గృహశాఖాధికారి ఒక్కడే వచ్చి, "ఇంత శుభ్రంగా ఉందే, నిజంగా ఇక్కడే ఉంటుందా?" అని అనుమానపడ్డాడు. అయినా ఆమె ఊడ్వడం మానలేదు. "పెద్దవాళ్ళు వచ్చే చోటు బాబూ, చెత్తలో నిలబెడతామా?" అనేది.

ఎదురుగా, రోడ్డుకు అవతల పుస్తకాలు అచ్చువేసే అచ్చాఫీసు. వానొస్తే మెట్ల కింద పడుకోమని దాని వాచ్‌మన్ ఆమెను పిలిచేవాడు. వెళ్ళొద్దని ఆమెకు చెప్పింది మాత్రం ఈ సమన్వయం చేసే అతనే. "అక్కడ పడుకుంటే నీకు నీడ ఉన్నట్టే లెక్క, పెద్దమ్మా. గది చేజారిపోతుంది. ఇక్కణ్ణుంచి కదలకు." అందులో అబద్ధం లేదు; నియమం అదే. నిజమే చెప్పినా, దాన్ని నమ్మినవాళ్ళకు ఏమైనా అయితే బాధ్యులెవరన్నది అప్పుడు అతనికి తట్టలేదు.

అతను వంతెన చేరేసరికి జీపు వచ్చి ఆగి ఉంది. ముగ్గురూ దిగుతున్నారు. ముగ్గురినీ ఒక్క జీపులో చూడటం ఇదే మొదలు. క్షణంపాటు ఛాతీ పొంగింది. తర్వాత స్తంభం వైపు చూశాడు.

ఆ చోటు ఖాళీగా ఉంది. ఊడ్చి ఉంది.

పక్క స్తంభం దగ్గర గొడుగులు బాగుచేసే ముసలాయన, అందరికీ మేస్త్రీ, విరిగిన ఊచకు తీగ చుడుతున్నాడు.

"పెద్దమ్మ ఏది మేస్త్రీ?"

"తీసుకుపోయారు." తలెత్తలేదు. "జల్లంతా ఇటే కొట్టింది. రాత్రంతా ఒకటే దగ్గు. వాచ్‌మన్ వచ్చి మెట్ల కిందికి రమ్మని బతిమాలాడు. రానంది. 'పొద్దున్నే ఆఫీసర్లొస్తారు, నేను లేకపోతే బాబు మాట పోతుంది' అంది. తెల్లారగానే లేచి ఊడ్చింది. ఊడ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అంతే." తీగ కొరికి తెంపాడు. "శవాల బండి మాత్రం పిలవగానే వచ్చింది సారూ. దానికి ముగ్గురు అక్కర్లేదట."

గృహశాఖాధికారి గొంతు సవరించుకున్నాడు. "అయ్యో పాపం. సరే, చోటులో లేరని రాసుకోండి."

ఆరోగ్యశాఖ నుంచి వచ్చినామె గడియారం చూసుకుంది. పురపాలక సంఘం ఆయన, "ఎలాగూ ముగ్గురం కలిశాం, ఒక ఫొటో తీయండి. పైవాళ్ళు అడుగుతారు," అన్నాడు.

అతను తీశాడు. ముగ్గురూ సరిగ్గా పడ్డారో లేదో చూసుకున్నాడు కూడా. చూసుకున్నందుకే తనమీద తనకు అసహ్యం వేసింది.

జీపు వెళ్ళిపోయింది. మళ్ళీ మబ్బు కమ్ముకుంటోంది. మేస్త్రీ దగ్గాడు.

"ఇక నా వంతా సారూ? నేనూ కదలకుండా కూర్చోవాలా?" వేళాకోళంగానే అడిగాడు. "ఊళ్ళో గొడుగులన్నీ నా చేతిమీదే బాగవుతాయి. నాకు మాత్రం ఈ వంతెనే గొడుగు."

'కూర్చో' అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. అతను దాన్ని మింగేశాడు. నీడ లేదని చూపించడానికి మనిషిని నీడకు దూరంగా నిలబెట్టడం. ఇన్నేళ్ళూ తాను చేసింది ఇదేనా?

"లే మేస్త్రీ. మూట కట్టు."

"ఎక్కడికి?"

"మెట్ల కిందికి."

"నీడ ఉన్నట్టు రాస్తారుగా?"

"రాయను. వాళ్ళొచ్చే రోజు నేనే వచ్చి లేపుతాను. అప్పుడొచ్చి ఇక్కడ కూర్చో."

ఉద్యోగంలో అతను ఆడబోయే మొదటి అబద్ధం అది. ఇంత తేలికైన మాట నిన్న సాయంత్రం ఎందుకు తోచలేదు?

గొడుగుల కట్ట తన భుజానికెత్తుకుని, మేస్త్రీ చేయి పట్టుకుని రోడ్డు దాటాడు. వెనక, స్తంభానికి ఆనించిన చీపురు, పిడికి ఆమె చుట్టుకున్న గుడ్డపీలికతో, కొనలు ఇంకా తడిగా, అలాగే నిలబడి ఉంది.