చాడీల పుల్ల

బుల్లయ్య ఏడో తరగతితో బడికి నమస్కారం పెట్టేశాడు. ఆ తరువాత చదువుకున్నవాళ్ళెవరు ఎదురైనా నమస్కారం పెట్టడమే మానేశాడు. అలాంటివాడు బిందుమాధవిని తన మిరప కల్లంలోకి రానిచ్చి, మంచం వాల్చి, మజ్జిగ ఇప్పించాడంటే అది విజ్ఞానం మీద గౌరవం కాదు. పక్క కల్లం వీరాంజనేయులు మీద కసి.

కిందటేడు గుంటూరు నుంచి సరుకు కొనడానికొచ్చిన హయాత్ బుల్లయ్య రాశిలో చెయ్యి పెట్టబోతుంటే, గట్టు మీద నిలబడ్డ వీరాంజనేయులు ఒక్క మాటన్నాడు. "చూసుకోండి భాయ్, చేతికి చెమ్మ తగిలిద్ది."

హయాత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ తరువాత బుల్లయ్య సరుకు ఎక్కడికెళ్ళినా ఆ మాట దానికంటే ముందే వెళ్ళి కూర్చుంది. ఈ ఏడాదైనా హయాత్ తన కల్లంలోనే కాటా పెట్టాలి, వీరాంజనేయులు చూస్తుండగా లారీ కదలాలి. బుల్లయ్యకి కావలసింది అదొక్కటే.

బిందుమాధవిని పంపింది రైతుల సంఘం. ఈటెలాంటి ఇనుప పుల్ల ఒకటి తెచ్చి రాశిలో గుచ్చింది. లోపల తేమెంతో అది కనిపెట్టి, మనం చెప్పిన ఫోన్లకి కబురు పంపుతుందట. ఆ పిల్ల ఫోన్లో దాని పేజీ తెరిచి కూర్చుంది.

"తేమ హద్దు దాటితే అలర్ట్ వస్తుందండి. మీ నంబరూ, ఆంటీ గారిదీ పెడతాను. చాలు."

"మా ఆడమనిషికి కబురు చెప్పటానికి యంత్రమెందుకమ్మా, కేకేస్తే పలుకుద్ది. హయాత్ భాయ్ నంబరు పెట్టు. ఈరాంజనేయులుది కూడా."

"ఏదన్నా తేడా వచ్చినప్పుడు వచ్చే మెసేజ్ అండీ ఇది. బయటివాళ్ళకి..."

"తేడా ఎందుకొచ్చిద్ది? బాగున్నప్పుడు బాగుందని కూడా చెప్పమను. రోజూ పొద్దుగూకేటప్పుడు."

చదువుకున్న పిల్ల కదా, ఇంకేమీ అనకుండా పెట్టేసింది.

ఆ రోజు మొదలు సాయంత్రమయ్యేసరికి గట్టవతల వీరాంజనేయులు జేబు టింగుమనేది. 'బుల్లయ్య కల్లం: తేమ సరిగా ఉంది.' ఆ మోత చెవినబడిన పూట బుల్లయ్యకి ఇంకో ముద్ద ఎక్కువ దిగేది.

"ఏరా బుల్లయ్యా, నీ మిరపకాయల యోగక్షేమాలు నాకెందుకురా?"

"కిందటేడు దిగులుపడ్డావు గదరా. అది తీరాలని."

చివరికి హయాత్ ఫోన్ చేశాడు. రేపు పొద్దున్నే లారీతో వస్తున్నాననీ, రోజూ మెసేజ్ చూస్తున్నాను కాబట్టి ఇంక రాశి చూసే పని కూడా లేదనీ చెప్పాడు. బుల్లయ్య ఆ మాట గట్టు వినేంత గట్టిగా భార్యకి చెప్పాడు.

టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకి, తొక్కాలంటే కాయ కాస్త మెత్తబడాలి. గలగలలాడే కాయని తొక్కితే కారమవుతుంది. అందుకని ముందురోజు నీళ్ళు చల్లడం ఈ ఊళ్ళో పెళ్ళికి పసుపు దంచినంత మామూలు. ఎన్ని చల్లితే అంత తూకం కాబట్టి, ఎన్ని చల్లాలనేది ఎవరి మనస్సాక్షిని బట్టి వాళ్ళది. బుల్లయ్య మనస్సాక్షి మందు కొట్టే తైవాన్ పంపుతో రెండు ట్యాంకులు కొట్టినా ఇంకా చోటుండేంత విశాలమైనది. అవతల వీరాంజనేయులు పంపు కూడా మోగుతూనే ఉంది. ఒకరి కల్లంలో పంపు మోగుతుంటే ఇంకొకరికి వినపడకపోవడం ఊరి మర్యాద.

బుల్లయ్య తువ్వాలు తీసి ఆ పుల్లకే తగిలించి, పంపు భుజానికెత్తుకున్నాడు.

"ఏమయ్యా, ఆ పుల్ల పీకెయ్యనా?" అంది భార్య వెంకటరావమ్మ.

"ఉండనీవే. పొద్దుగూకితే బాగుందని చెప్పాలిగా."

పొద్దు ఇంకా గూకనేలేదు, బుల్లయ్య జేబు టింగుమంది. ఆ వెంటనే గట్టవతల ఇంకో టింగు. కళ్ళజోడు ఇంటి దగ్గర ఉండిపోయింది. వెంకటరావమ్మ ఫోన్ తీసుకుని కూడబలుక్కుంటూ చదివింది.

"హెచ్చరిక. బుల్లయ్య కల్లం. తేమ హద్దు దాటింది. వాన లేదు. కారణం పరిశీలించండి."

భుజాన పంపు దించకుండానే వీరాంజనేయులు గట్టెక్కాడు.

"వాన లేదంటరా బుల్లయ్యా. మరేం కురిసింది?"

అంతలోనే బుల్లయ్యకి హయాత్ ఫోన్ వచ్చింది. "నిరుడు మనిషి చెప్పాడు, ఇప్పుడు మీరు పెట్టుకున్న యంత్రమే చెబుతోంది. లారీ మాట్లాడేశాను బుల్లయ్య గారూ, ఖాళీగా పోలేను. మీ పక్కాయన సరుకు చూసుకుంటాలెండి."

తెల్లారి లారీ వచ్చి వీరాంజనేయులు కల్లంలోకి తిరిగింది. పైపై కాయ రాత్రి గాలికి ఆరి నిగనిగలాడుతోంది. హయాత్ రాశి లోపలికి చెయ్యి పెట్టబోయాడు. గట్టు మీద నుంచి బుల్లయ్య నోరు తెరిచాడు.

"భాయ్, చెమ్మ తగిలిద్ది, చూసు..."

"మీరుండండి బుల్లయ్య గారూ," హయాత్ నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీ సంగతి మీ యంత్రం చెప్పింది, చాలు."

కాటా వేశారు, టిక్కీలు ఎక్కించారు. బుల్లయ్య చూస్తుండగానే లారీ కదిలింది.

దుమ్ము సర్దుకున్నాక బుల్లయ్య పుల్ల మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, బిందుమాధవికి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆ పుల్ల శానా మంచిదమ్మా."

"థాంక్సండీ. తీసెయ్యమంటారేమో అనుకున్నాను."

"తియ్యటమెందుకు? మా ఈరాంజనేయులు రెండో కోత కల్లానికొస్తా ఉంది. వాడికీ ఒకటి గుచ్చిపో. వాడు ఎగస్పార్టీ మాటలు మాట్లాడితే ఊరికే ఇస్తన్నారని చెప్పు, ఊరుకుంటాడు. కబురు ఎవరెవరికి పోవాలో మాత్రం వాణ్ణడగబాక. నేను చెబుతా, రాసుకో."