నల్ల టేపు కింద గీతలు

మా నాన్న సలహా ఇచ్చేవాడు కాదు, విసిరేవాడు. తగిలితే మన అదృష్టం, తగలకపోతే మన ఖర్మ. నాలుగేళ్ళు ఆయన దగ్గర స్టీల్ గిటార్ నేర్చుకున్నాను. ఆ నాలుగేళ్ళలో ఆయన మీద ఒళ్ళు మండని రోజు నాకు గుర్తు లేదు.

చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను, అది ఒళ్ళో పడుకోబెట్టుకుని వాయించే గిటార్. కుడిచేతి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని తీగలు మీటుతూ, ఎడమచేత్తో వేలెడంత ఉక్కు కడ్డీని ఆ తీగల మీద జరపాలి. మామూలు గిటార్‌కున్నట్టు మెట్లుండవు. ఏ స్వరం ఎక్కడుందో తెలియడానికి మెడ మీద తెల్లగీతలు మాత్రం ఉంటాయి. కడ్డీ సరిగ్గా గీత మీద నిలబడాలి. కాస్త పక్కకు జరిగిందా, అపశ్రుతే.

మొదటి రోజే నాన్న నా గిటార్ గీతల మీద నల్ల టేపు అంటించేశాడు.

"గీతలు మనిషి గీసినవే. చెవితో వెతుక్కో," అన్నాడు.

బావకు ఈ శిక్ష లేదు. బావంటే మా మేనత్త కొడుకు, నాకంటే ఆరేళ్ళ ముందు నుంచి నాన్న దగ్గర నేర్చుకుంటున్నాడు. అతని గిటార్ మీద గీతలు నిక్షేపంగా ఉండేవి. నేను ఒక్క స్వరం పట్టడానికి వారం రోజులు నానా తంటాలు పడుతుంటే, అతను గీత చూసి కడ్డీ ఆనించి, "ఏం మరదలా, ఇవాళైనా దొరికిందా?" అనేవాడు. ఆ కడ్డీ పెట్టి నెత్తిన ఒకటిద్దామనిపించేది.

చోటు దొరకనప్పుడు కడ్డీని కాస్త అటూ ఇటూ ఊపి, స్వరాన్ని వణికించి గట్టెక్కుదామని చూసేదాన్ని. పక్కగదిలోంచి కేక వచ్చేది.

"వణికిస్తే తప్పు దాగదే. తప్పే వణుకుతుంది."

"మరి టేపు తీసెయ్. బావకో న్యాయం, నాకో న్యాయమా? ఆడదాన్ననా?" అని ఒకసారి గట్టిగానే అడిగాను.

"నోరు కాదు, చెవి పనిచేయించు," అన్నాడు. అంతే. ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆయన మాత్రం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

పగలు నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాల బోర్డు చదివించి, ఏ అద్దం సరిపోతుందో చూసి రాస్తాను. చేరిన కొత్తలో ఆ బోర్డంతా బట్టీ పట్టాను. బోర్డుకు వీపు పెట్టి నిలబడి, చదివేవాళ్ళు ఎక్కడ తప్పారో కనిపెట్టాలి కదా. నెల రోజులు వంటింట్లో కూర తిప్పుతూ, ఏడు వరుసలూ పాటలా పైకే వల్లించేదాన్ని. నాన్న ముందుగదిలో కూర్చుని వినేవాడు, లేదా విననట్టు ఉండేవాడు. "ఒకసారి దుకాణానికి రా, నీ కళ్ళూ చూస్తాను," అంటే, "నా కళ్ళకేం, రాళ్ళలా ఉన్నాయి," అని కొట్టిపారేసేవాడు. బస్సు నంబరు నన్నే చదవమనేవాడు. బద్ధకం అనుకున్నాను. ఉత్తరాలు నాచేతే చదివించుకునేవాడు. పెత్తనం అనుకున్నాను.

ముప్ఫై ఏళ్ళు ఆయన ఒకే రికార్డింగ్ స్టూడియోలో వాయించాడు. ఈ ఏడాది మానేస్తానన్నాడు. ఆయన ఖాళీ చేసే కుర్చీకి బావనూ నన్నూ పోటీకి పిలిచారు. నాకు ఆ కుర్చీ ఎంత కావాలో చెప్పడానికి మాటలు చాలవు. నాలుగేళ్ళ గుడ్డి సాధనకు అదొక్కటే జవాబు. అది దక్కకపోతే ఆ టేపు నన్ను తొక్కిపెట్టడానికే వేశాడని నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

స్టూడియోలో గిటార్ వాళ్ళదే. ఎవరు వాయించినా దాని మీదే వాయించాలి. పాత గీతలు అరిగిపోయాయని, కొత్తగా వచ్చేవాళ్ళకు ఇబ్బంది లేకుండా నాన్నే కిందటి నెల వాటిని గీకేసి, కొలతలున్న కాగితం పట్టీని మెడ మీద పరిచి, తెల్లరంగుతో కొత్తవి గీశాడు. ఆ మాట అందరికీ గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

ముందు బావ కూర్చున్నాడు. మొదటి స్వరానికే స్టూడియో పెద్దాయన తల పక్కకు తిప్పాడు. రెండోది కూడా శ్రుతికి కిందుగానే పలికింది. బావ గీత వైపు చూశాడు, కడ్డీ వైపు చూశాడు. కడ్డీ గీత మీదే ఉంది. ఏంచేయాలో తోచక వణికించడం మొదలుపెట్టాడు. ఇంకా అధ్వాన్నమైంది.

"ఆపరా," అన్నాడు నాన్న, పదిమంది ముందు. "పదేళ్ళు నేర్పాను. చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా? నా పరువు తీయడానికే వచ్చావా?"

బావ గిటార్‌ను మెల్లగా దించి లేచాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు సంతోషమే వేసింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

నా వంతు వచ్చింది. అలవాటు ప్రకారం కిందకు చూడకుండా వాయించాను. వెతుక్కోనక్కర్లేకుండా ప్రతి స్వరం దానంతటదే దొరికింది. చివరి స్వరం ఇంకా మోగుతుండగా పెద్దాయన, "కుర్చీ నీదేనమ్మా," అన్నాడు. అప్పుడు, ఇక పర్వాలేదు కదా అని, కిందకు చూశాను.

కడ్డీ గీత మీద లేదు. గీతకు వడ్లగింజంత అవతల ఉంది.

ఇంకో చోట పెట్టి మీటాను. అక్కడా అంతే. పట్టీని పరిచేటప్పుడు తీగలు మొదలయ్యే చోట ఆనించాల్సిన అంచును దానికి ఇవతలే ఆనించి ఉంటాడు. దాంతో గీతలన్నీ ఒక వడ్లగింజ వెనక్కి వచ్చేశాయి. కళ్ళున్న మనిషి ఎవడూ చేయని పొరపాటు. తలెత్తి నాన్నను చూశాను. ఆయన నావైపే తిరిగి నవ్వుతున్నాడు. ఆ చూపు మాత్రం నా తల పక్కనున్న గోడ మీద ఉంది.

కడ్డీని తీగల మీంచి తీసేశాను.

"గీతలు తప్పుగా ఉన్నాయండీ," అన్నాను. "బావది తప్పు కాదు. ఈ గీతలు గీసింది మా నాన్న."

పెద్దాయన కొలత టేపు తెప్పించి కొలిచాడు. కొలిచాక, "ఇద్దరినీ మళ్ళీ వినాలి మాస్టారూ," అన్నాడు.

"అక్కర్లేదండీ," అన్నాడు బావ. "తప్పు పలుకుతోందని నాకు వినపడుతూనే ఉంది. అయినా గీతనే నమ్మాను. కుర్చీ దానిదే."

అతను అలా అనేసరికి నాకు నాన్న మీద కోపం రెట్టింపైంది.

బయటికి వచ్చాక నడిరోడ్డు మీదే దులిపేశాను. "బావను పదిమందిలో అంత మాటన్నావు. ఒక్క ముక్క, 'నాకు కనపడలేదు' అని ఒక్క ముక్క అనలేకపోయావా?"

"చెయ్యి జారింది," అన్నాడు. "కళ్ళకేం కాలేదు. ఇంత గొడవెందుకు?"

చెయ్యి పట్టుకుని దుకాణానికి లాక్కెళ్ళాను. దారంతా లెక్క సరిపోతూనే ఉంది. బావకు నేర్పేనాటికి ఆయనకు గీతలు కనపడేవి. నాకు మొదలుపెట్టేనాటికి కనపడటం మానేశాయి. తను ఎలా వాయిస్తున్నాడో అదే నాకు నేర్పాడు. ఇన్నాళ్ళూ నన్ను తొక్కుతున్నాడనుకున్నాను. రోజూ ముప్ఫై మంది కళ్ళు చూసేదాన్ని, ఇంట్లో ఎదురుగా కూర్చుని అన్నం తినే మనిషి కళ్ళు చూడలేదు. మొదట్లోనే చెప్పి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. కొన్ని కంటిజబ్బులు మందులతో ఆగుతాయి. నాలుగేళ్ళు బుగ్గిపాలు చేశాడు. నేనూ చేశాను.

కుర్చీలో కూర్చోబెట్టాను. "పై నుంచి చదువు."

చదివాడు. మొదటి వరుస తప్పు లేకుండా చదివాడు. రెండోది, మూడోది కూడా. నా గుండె కాస్త కుదుటపడింది. నేనే పొరబడ్డానేమో, నిజంగానే చెయ్యి జారిందేమో అనుకున్నాను. చూపు కాస్త తగ్గినవాళ్ళు తడబడే నాలుగో వరుస కూడా గడగడా చదివేస్తున్నాడు.

అప్పుడు విన్నాను. ఆయన చదవడంలో ఒక పాట వరస ఉంది. అది నాది. కూర తిప్పుతూ నేను వల్లించిన వరస. ఐదో వరుసలో ఊపిరి కోసం నేనెక్కడ ఆగేదాన్నో సరిగ్గా అక్కడే ఆగి, మళ్ళీ అందుకున్నాడు.

నేను వెళ్ళి బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను.

నాన్న ఆరో వరుస చదువుతూనే ఉన్నాడు.