ఊ కొట్టే మనిషి

మా ఆయన ఆత్మారాం పెద్ద నవలా రచయిత అని నిజామాబాద్‌లో అందరికీ తెలుసు. ఒంటరిగా పుస్తకం చదవడం ఆయనకు చేతకాదని మాత్రం నాకొక్కదానికే తెలుసు. పొద్దుగూకే వేళ నేను చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఎదురుగా కూర్చుని పైకి చదువుతాడు. నేను ఊ కొట్టాలి. కొట్టకపోతే ముందుకు పోడు, ఆ పేరా మళ్లీ మొదటినుంచి అందుకుంటాడు. తను రాసిందైనా అంతే. ఎక్కడ నా ఊ పడలేదో ఆ ముక్క తీసేస్తాడు. పెళ్లయిన నాటినుంచీ ఇదే వరస.

డెబ్బై రెండులో రచయితల బృందంతో రష్యాకు రమ్మని పిలిచారు. రగ్గు, కారప్పొడి, సకినాలు అన్నీ సర్దాను. ఊ సర్దలేను కదా! చదవకుండా ఈ మనిషి ఎలా ఉంటాడో అని ఆయన కంటే నాకే ఎక్కువ బెంగ పట్టుకుంది.

తిరిగొచ్చాక బోధన్‌లో చెరుకు రైతులూ చక్కెర కార్ఖానా వాళ్లూ కలిసి సన్మానం పెట్టారు. ఆడవాళ్ల వరుసలో నేనూ ఉన్నాను. అక్కడ ఏం చదివారని ఒక టీచరు అడిగాడు. ఈయన శాలువా సవరించుకుని, రోజూ సాయంత్రం హోటల్ గదిలో తలుపేసుకుని ఒంటరిగా చదువుకున్నాననీ, ఒక లావుపాటి నవల పూర్తి చేశాననీ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒంటరిగానట! ఇన్నేళ్లూ నా నోరు అరగదీసింది దేనికి మరి? పక్కన కూర్చున్న రాధాబాయి, అదృష్టవంతురాలివి అంటుంటే ఒళ్లు మండిపోయింది.

తిరుగు బస్సులో మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ఎండ తగులుతోందా అని అడిగాడు. ఎండట, ఎండ! పైకే ఆ కోపం, లోపలంతా భయం. ఇక ఈ మనిషికి నాతో పనిలేదు. వండి పెట్టడం, చొక్కాలు ఉతకడం ఎవరైనా చేస్తారు. ఆ సాయంత్రపు కాసేపే నాది, అది కూడా పోయింది.

మర్నాడు పొద్దుగూకే వేళకు ఏమీ ఎరగనట్టు కొత్త పుస్తకం పట్టుకొచ్చి కూర్చున్నాడు. సరే, చూద్దామని నేను పెదవి విప్పలేదు. ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ చెవులు మాత్రం అటే పెట్టాను. ఒక పేరా అయింది. ఆగాడు. తల ఊపి ముందుకు పోయాడు. ఇంకో పేరా అయింది, పేజీ తిప్పాడు. నేను నోరు మూసుకున్నానని ఆయనకు తెలియనే లేదు. చాటలో ఆకులు మసకబారాయి. కళ్లు తుడుచుకుందామంటే చేతుల నిండా తంబాకు.

"ఆపు," అన్నాను. "నేను ఒక్కపారి గూడ ఊ అనలే. ఎరుకేనా నీకు?"

పుస్తకం దించి నన్ను వింతగా చూశాడు.

"అన్నవు గదనే. నాకు ఇనవడ్డది." పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశాడు. "గాడ రష్యాల గూడ దినాం ఇనవడేది. లేకుంటె ఒక్క పేజీ దాటెటోన్నా?"

చాట పక్కకు జరిపాను.

"మళ్ల మొదటిసంది సదువు," అన్నాను.