మెరుపు పనికిరాని గది

మసి పిన్ని నేలమీద బోర్లా పడుకుని బల్ల కిందకు టార్చి వేసి చూస్తోంది. నిన్న ఎవరో కొత్త స్క్రూ బిగించారు. దాని తలమీద ఆవగింజంత మెరుపు. "దొరికావురా" అని గొణిగి, సన్న కుంచెతో నల్లరంగు పూసింది.

లేజరు ఆయుధాల పరీక్షశాలలో ముప్పై ఏళ్ళుగా ఆమె పని ఇదే. ఎగిరొచ్చే డ్రోన్లను కాల్చే ఆ కిరణం కంటికి కనపడదు. నున్నటి లోహానికి తగిలి పక్కకు మళ్ళిందంటే, రెప్ప వాల్చేలోగా చూపు పోతుంది. అందుకే ఆ హాలులో స్క్రూలు, గొళ్ళేలు, కుర్చీ కాళ్ళు అన్నీ మెరుపులేని నలుపు. ఉంగరాలూ గడియారాలూ గుమ్మం బయటే. ఒకసారి బట్టతల అధికారి ఒకాయన వస్తే పిన్ని కుంచె పట్టుకుని ఆలోచనలో పడిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆమె గోళ్ళలో రంగు ఎంత తోమినా పోదు. "పెళ్ళినాడు నీ వేళ్ళు ఏ రంగులో ఉండేవో మర్చిపోయాను" అని భర్త ఏడిపిస్తే, ఆమెకది బిరుదిచ్చినట్టే ఉంటుంది. ఇన్నేళ్ళలో అక్కడ ఒక్కరి కన్నూ చెడలేదు మరి. ఇవాళ్టి పరీక్ష కూడా అలాగే గడిస్తే, ఆ పేరు నిలబెట్టుకుని ఇవాళే రిటైరవుతుంది. పొద్దున్నుంచీ ఆమె బెంగంతా అదే.

పదకొండింటికి అందరూ రక్షణ కళ్ళజోళ్ళు పెట్టుకుని హద్దు గీత వెనక నిలబడ్డారు. పై ఆఫీసునుంచి పెద్దలూ వచ్చారు. ఇంజనీరమ్మాయి అంకెలు వెనక్కి లెక్కపెడుతోంది. అయిదు, నాలుగు. ఫ్యాను గాలికి లక్ష్యం పక్కన గుడ్డ ఒకటి జారింది. దాని కింద ఏదో తళుక్కుమంది. మూడు అనేలోగా పిన్ని ఎర్రమీట నొక్కేసింది.

"ఎవరాపింది?" డైరెక్టరు గొంతు లేచింది.

"నేనే సార్. అక్కడేదో మెరుస్తోంది."

"వచ్చినవాళ్ళ ముందు పరువు తీశారు కదమ్మా. జోళ్ళు పెట్టుకునే ఉన్నాం కదా."

"జోడు రెండో కాపలా సార్, మొదటి కాపలా నేను. శత్రువు కళ్ళు పోగొట్టే లేజరు వాడకూడదని దేశాలు సంతకాలు పెట్టుకున్నాయని మీరే చెప్పారు. పరాయివాడి కన్నే పోకూడదనుకున్నాక, మనవాళ్ళ కన్ను పోతే ఏం మొహం పెట్టుకుంటాం?"

వెళ్ళి గుడ్డ తీసింది. అద్దంలా తోమిన స్టీలు జ్ఞాపిక. మీద చెక్కిన అక్షరాలు: 'మా అందరి కళ్ళు కాచిన మసి పిన్నికి.'

డైరెక్టరు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. "పరీక్ష అవగానే ఇద్దామని... మీరు సోదా చేసి వెళ్ళాక నేనే పెట్టానమ్మా."

పై ఆఫీసు పెద్దాయనే ముందుగా నవ్వాడు. తర్వాత హాలంతా నవ్వింది. పిన్ని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. జ్ఞాపిక గుమ్మం దాటాక మళ్ళీ అంకెలు మొదలయ్యాయి. లక్ష్యానికి చిల్లు పడింది, చూసినవాళ్ళ కళ్ళన్నీ చల్లగా ఉన్నాయి. ఆమె ఆనందానికి పట్టపగ్గాలు లేవు.

భోజనాలయ్యాక పిన్ని ఆ జ్ఞాపికకు రంగు పూయడం చూసి ఇంజనీరమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో పిన్నీ, అక్షరాలు కనపడవు."

"తడిమితే తెలుస్తాయిలే. నాకు ఇంట్లో ముచ్చట పడ్డానికి మీ బాబాయి ఉన్నాడు. దీన్ని హాల్లో తగిలించండి. హాల్లోకి రావాలంటే ఏదైనా నల్లబడాల్సిందే మరి. ఆరేదాకా ముట్టుకోకండి."

చేతులు కడుక్కుని, అందరి భుజాలూ తట్టి, మూడింటి బస్సుకు వెళ్ళిపోయింది.

బయటి గది కిటికీలో జ్ఞాపిక ఆరుతోంది. దానిమీద ఎండ పడుతోంది గానీ, అందులోంచి ఒక్క రవ్వ కూడా ఎవరి కంటికీ తిరిగి రావడం లేదు.