పద్నాలుగో నిమిషంలో పళ్ళాలు

ఇవాళ వెనిలా వాసన, అంటే గాలి నది అవతలి పరిమళాల ఫ్యాక్టరీ వైపునుంచి వీస్తోందన్నమాట, నిన్నంతా పిప్పర్మెంటు, ఈ ఊళ్ళో వాతావరణం కోసం రేడియో పెట్టక్కర్లేదు ముక్కు చాలు అనేది ఆల్ముట్, కిటికీ తీసి గట్టిగా ఒకసారి పీల్చి, ఇవాళ బట్టలు ఆరవు, అని తేల్చేసేది, భార్య పోయి మూడేళ్ళైనా గెర్నోట్ పొద్దున్నే కిటికీ తీసి అలాగే పీలుస్తాడు, బట్టల సంగతి మాత్రం ఇప్పటికీ అంతుపట్టదు, అయినా ఆరేస్తాడు, చినుకు పడగానే కింది అంతస్తు ముసలావిడ నీళ్ళ గొట్టం మీద గరిటెతో రెండుసార్లు తడుతుంది, ఆ రెండు తట్లు విన్నప్పుడల్లా ఈ భవనంలో తనకోసం ఒక చెవి మేలుకుని ఉందనిపిస్తుంది, పొయ్యిమీద పప్పు సూపు కుతకుతలాడుతోంది, బంగాళాదుంపల తొక్క ఇంకా తీయాలి, పక్కనే బల్లమీద కంప్యూటరు తెరిచి ఉంది, అందులో హానోవర్ స్టూడియోనుంచి స్వెన్యా పంపిన మూడు ఫైళ్ళు, మొదటిది యాభై ఏళ్ళ కిందటి టేపు ఉన్నదున్నట్టు, రెండోది అదే టేపు శుభ్రం చేశాక, మూడోదానికి ఏం పేరు పెట్టాలో తోచక ఆ పిల్ల తీసేసినవి అని రాసింది, పన్నెండింటికల్లా ఏది ఉంచాలో చెప్పాలి, పాత రికార్డు మళ్ళీ వేస్తున్నారు, రేపు పొద్దున టేపు రికార్డు చెక్కే యంత్రం దగ్గరికి వెళ్ళిపోతుంది, చెక్కిన గీతలోంచి ఇక ఏదీ తీయలేరు, ఏదీ కలపలేరు, ఇదంతా రెండోవైపు పాటలో పద్నాలుగో నిమిషంలో వినబడే ఒక పళ్ళాల చప్పుడు కోసం.

పళ్ళాలంటే మామూలు సూపు పళ్ళాలే, అంచుకు నీలిగీత ఉన్నవి, పాలకేంద్రం అటకమీద దొరికినవి, గెర్నోట్ వాళ్ళ బ్యాండు పేరు వింటర్‌గెర్స్ట, అంటే చలికాలపు బార్లీ, ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు, ఎవరూ పెట్టలేదనే చెప్పుకునేవాళ్ళు, ఎందుకంటే ఒకడు పెడితే ఆ ఒకడు పెద్దవాడైపోతాడు, పెద్ద అనేవాడు ఉండకూడదనే కదా డెబ్బై ఒకటిలో నలుగురూ చదువులు వదిలేసి వేజర్ నది వెనక కొండల్లో మూతపడ్డ ఆ పాలకేంద్రాన్ని అద్దెకు తీసుకున్నది, చుట్టూ బార్లీ చేలు, లోపల నేలనుంచి కప్పుదాకా తెల్లని పెంకులు, ఒకసారి తుమ్మితే మూడుసార్లు వినబడేది, మొదటి వారమే చేతులెత్తి ఓటేసుకున్నారు, పాటకు ముందు ఒకటి రెండు మూడు నాలుగు అని లెక్కపెట్టడం రద్దు, గిటారు వాయించే హార్ట్‌మూట్ నెమ్మదిగా అన్నాడు, అది మన నాన్నలు కవాతు చేసిన లెక్క, నా నోట రాదు, ఎవరూ నవ్వలేదు, గెర్నోట్ తండ్రి యుద్ధఖైదు నుంచి తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా మెట్లెక్కుతూ పెదవులతో లెక్కపెట్టేవాడు, ఆ పెదవులు తలచుకుని గెర్నోట్ అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

లెక్క లేకపోతే పాట మొదలవడం పెద్ద కష్టం కాదు, ఎవడో ఒకడు తీగ సరిచూసుకుంటుంటే మిగతావాళ్ళు దాన్నే పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు, కష్టమంతా మలుపు దగ్గర, ఎవరూ సైగ చేయకూడదు, కంటితో చేసినా అది పెత్తనమే, అందుకని నలుగురూ కళ్ళు మూసుకుని వాయించేవాళ్ళు, బీలెఫెల్డ్‌లో ఒక పాట గంటా పది నిమిషాలు సాగితే చివరికి హాలు వాచ్‌మన్ బస్సు తప్పిపోతుందని మెయిన్ స్విచ్ ఆపేశాడు, మర్నాడు పేపర్లో ముగింపు సాహసోపేతంగా ఉందని రాశారు, వీళ్ళూ ఔననుకున్నారు, ఇరవై రెండేళ్ళకు మనిషి ఏదైనా నమ్మగలడు, అది కూడా ఒక దయే, పాల లెక్కలు రాసే నల్లపలక మీద వంట వంతులు రాసుకునేవాళ్ళు, నలుగురి పేర్లూ, కింద ఆల్ముట్ పేరు, ఆమె బ్యాండులో లేదు, ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తూ మొదటి రోజుల్లోనే గెర్నోట్ కోసం వచ్చి ఉండిపోయింది, ఆడా మగా అందరికీ వంతు సమానమని దానికీ ఓటేసుకున్నారు, అయితే డెబ్బై మూడు జూలైలో రేడియోలో పనిచేసే ఒకాయన టేపు యంత్రాన్ని మూడు రోజులకు అరువిచ్చినప్పుడు నలుగురూ పాటలో మునిగి ఉన్నారు కనుక పలకమీద మిగతా పేర్లన్నీ ఎవరో తుడిచేశారు, సమానత్వానికి మూడు రోజులు సెలవు, ఆల్ముట్ షాపుకు సెలవు పెట్టి మూడు రోజులూ వండింది.

ఫోను మోగింది, డెట్లెఫ్, వాడు తప్ప తొమ్మిదిన్నరకు ఎవడు చేస్తాడు, డ్రమ్ములు వదిలి నలభై ఏళ్ళు పాడర్‌బోర్న్‌లో స్నానాల గదుల పెంకులు అమ్మాడు, ఆ పాలకేంద్రం గోడలు చూసీ చూసీ మతిపోయి ఆ వ్యాపారం పెట్టాడని అందరూ ఆటపట్టించేవాళ్ళు, ఏరా గెర్నోటూ, ఆ పిల్లకు చెప్పావా లేదా, ఇంకా వింటున్నాన్రా, వినడానికేముంది, అది నా డ్రమ్ముల సింబల్ చప్పుడు కాదని నీకు తెలుసు నాకు తెలుసు, లోకానికి తెలియదు, ఓసాకానుంచి ఒకాయన ఉత్తరం రాశాడు, పద్నాలుగో నిమిషంలో మీరు తొందరపడి ముందే కొట్టారు, కావాలనే కొట్టారా అని, ఎంత మర్యాదగా అడిగాడో, అంత మర్యాదగా అడిగితే ఇంకా మండుతుంది, ఆ ఉత్తరం బీరువాలో ఉంది, నేను పోయాక నా మనవడు చదివి తాతకు తాళం రాదనుకోవాలా, పోయేలోపు ఒక్కసారి నన్ను సరిగ్గా వాయించనివ్వరా, గెర్నోట్ సరే చూస్తానన్నాడు, శుభ్రం చేయాల్సినవాటి జాబితా జనవరిలో డెట్లెఫ్ రాస్తే సంతకం పెట్టింది తనే, అందులో పళ్ళాలు అనే మాట చూసి కూడా పెట్టాడు, ఎందుకంటే ఆ చప్పుడు విన్నప్పుడల్లా దాని వెనకే తన గొంతు వినబడుతుంది, టేపులో లేని గొంతు.

ఆ పాట పేరు ఎండుగడ్డి నెల, ఇరవై ఒక్క నిమిషాలు, పదకొండో నిమిషం దగ్గర నలుగురూ ఒక చీకటి స్వరంలోకి జారిపోయారు, ఆర్గన్ మీద తన ఎడమచేయి ఒక మంద్ర స్వరం దగ్గర ఇరుక్కుపోయింది, ఇక చాలు వెలుతురులోకి పోదాం అని నలుగురికీ ఉంది, ముందు ఎవడు కదిలితే వాడు పెద్దవాడైపోతాడు, ఎవరూ కదలలేదు, గానుగెద్దుల్లా అక్కడే తిరుగుతున్నారు, తర్వాత ఎక్కడో ఖణేల్‌మని, అంతే, నలుగురూ ఒకేసారి తిరిగారు, పొలాల మీద తెర తీసినట్టు, ఆ మలుపు గురించే ఇన్నేళ్ళూ అందరూ రాశారు, నాయకుడు లేని నాలుగు మనసులు ఒకే మనసైన క్షణం అన్నారు, రేడియోలో ఒకాయన అదే రుజువు అన్నాడు, దేనికి రుజువో చెప్పలేదు, పాట ఆగాక టేపు వెనక్కి తిప్పి వింటే ఆ చప్పుడు ఉంది, ఇంకోసారి వాయించడానికి టేపు లేదు, గెర్నోట్ గుమ్మం దగ్గర నించున్న ఆల్ముట్ వైపు తిరిగి అన్నాడు, ఇది వంటిల్లు కాదు ఆల్ముట్, ఇక్కడ మేం పనిచేస్తున్నాం, ఎవడో కిసుక్కుమన్నాడు, ఆమె ఎప్రనుకు చేతులు తుడుచుకుని, సూపు చల్లారిపోతోంది, రండి, అంది, అందరూ వెళ్ళి తిన్నారు, తనూ తిన్నాడు, రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాడు.

తర్వాత బ్యాండు బతికింది నాలుగేళ్ళే, కంపెనీవాళ్ళు మూడు నిమిషాల పాటలు అడిగారు, మూడు నిమిషాల్లో వీళ్ళు తీగలు కూడా సరిచేసుకోలేరు, కాసెల్‌లో ఆఖరి కచేరీకి నలభైమంది వచ్చారు, వాళ్ళలో సగం వాన తగ్గేదాకా ఉండి వెళ్ళారు, హార్ట్‌మూట్ గుండె పదకొండేళ్ళ కిందట ఆగింది, బాస్ వాయించిన ఉల్ఫ్ పన్నుల ఆఫీసులో చేరి ఉత్తరాలకు జవాబివ్వడం మానేశాడు, గెర్నోట్ బడిలో సంగీతం చెప్పి ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించాడు, సాయంత్రాలు ముందుగదిలో సాధన, నలభై ఆరేళ్ళ కాపురంలో ఆ గదిలో అతను వాయిస్తుండగా ఆల్ముట్ ఒక్కసారి కూడా లోపలికి రాలేదు, వాయించడం అయ్యాక తలుపు తీస్తే హాల్లో బూట్ల బెంచీ మీద కూర్చుని ఉండేది, చేతిలో అతనికోసం తెచ్చిన కాఫీ, ఎప్పుడొచ్చావు అంటే ఇప్పుడే అనేది, కాఫీ మాత్రం చల్లగా ఉండేది, ఆ చల్లని కాఫీ తాగినప్పుడల్లా ఆ రోజు అన్న మాట గుర్తొచ్చేది, నావల్లే గుమ్మం దాటడం మానేసింది అనుకునేవాడు, అడగాలనుకునేవాడు, పిల్లల పరీక్షలు, ఈస్టరు పాటలు, కొత్త ఫ్రిజ్, అడగలేదు, ఆసుపత్రిలో చివరి వారం ఆమె చేతివేళ్ళు దుప్పటిమీద నాలుగు నాలుగుగా తడుతూ ఉండేవి, మందులవల్ల అంది నర్సు, ఆ వేళ్ళమీద చెయ్యివేసి, ఆ రోజు పాలకేంద్రంలో, అని మొదలుపెట్టాడు, ఊఁ చెప్పు, అంది, ఏం లేదు, పళ్ళాలు గుర్తొచ్చాయి, అన్నాడు, ఆల్ముట్ నవ్వింది, ఎందుకు నవ్విందో అడిగేలోపు కళ్ళు మూసుకుంది.

సూపు అడుగంటుతోంది, మంట తగ్గించాడు, పదకొండు కావస్తుంటే మళ్ళీ ఫోను, ఈసారి స్వెన్యా, గెర్నోట్ గారూ, మీరు ఏది ఉంచమన్నా నాకు సరే, నేను అడగను, కానీ మూడోది విన్నారా, లేదమ్మా, చెత్తబుట్ట తెరిచి చూడటం ఎందుకని, అది చెత్తబుట్ట కాదండీ, యంత్రం తీసేసినవన్నీ ఒక పక్కన పోగేసుకుంటుంది, రోజూ పారేస్తాను, ఇది మాత్రం పారేయబుద్ధి కాలేదు, పన్నెండున్నర నిమిషం దగ్గర్నుంచి వినండి, ఏముందమ్మా అందులో, నేను చెప్పనండీ, నాకు చెప్పే హక్కు లేదు, పొయ్యిమీద సూపుంది తల్లీ, దించేసి వినండి సార్, అంది, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, అచ్చు బడిపంతులమ్మలా, గెర్నోట్ బుద్ధిగా సూపు దించి, చేతులు తుడుచుకుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ముందు వాన, వాన కాదు టేపు సుయ్‌మనడం, పాటంతా తీసేస్తే మిగిలినది ఇదా, ఇందులో తను లేడు, హార్ట్‌మూట్ లేడు, దూరంగా ఎవరిదో ట్రాక్టరు, డెట్లెఫ్ పెడలు కిర్రుమంటోంది, నూనె వేయరా అని ఎన్నిసార్లు చెప్పినా వేయలేదు వెధవ, గోడ అవతల ఈగ, ఆ ఈగ కూడా యాభై ఏళ్ళు బతికింది, తర్వాత అడుగులు, చెక్క అడుగున్న చెప్పులు, ఆ నడక అతను వెయ్యి నడకల్లో పోల్చుకోగలడు, కుడికాలు కొంచెం బరువు, ప్రతిధ్వని కోసం నడవాలో వేలాడదీసిన మైకు దగ్గరికి వచ్చాయి, దగ్గరికి, ఇంకా దగ్గరికి, ఆగాయి, ఇక ఏమీ లేదు, తెరమీద సెకన్లు దొర్లుతున్నాయి, పది, ఇరవై, ఆ నిశ్శబ్దం కింద ఏ పాట ఉందో అతనికి చేతివేళ్ళతో తెలుసు, చీకటి స్వరం, ఎడమచేయి, నలుగురూ కదలలేక తిరుగుతున్న చోటు, నలభై, యాభై, ఆమె వెళ్ళిపోలేదు, పళ్ళాలు పట్టుకుని నించుని ఉంది, అప్పుడు సుయ్‌మనే వానలోంచి ఒక గుసగుస, మొదట ఊపిరనుకున్నాడు, వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆల్ముట్, ఆగింది, వాళ్ళింకా సిద్ధంగా లేరనుకుందేమో, మళ్ళీ ఒకటి, రెండు, మూడు, నాలుగు, కొంచెం నెమ్మదిగా, పసిపిల్లవాడు మెట్టు దిగేదాకా కాచుకునే తల్లిలా, మూడోసారి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఖణేల్‌మని పళ్ళాలు, జారినవి కావు, తగిలినవి కావు, నిండుగా, ఒక్కసారిగా, ఎక్కడ పెట్టాలో తెలిసిన చేయి పెట్టినవి, ఆ వెనకే చిన్న నిట్టూర్పు, ఇక పర్వాలేదు అన్నట్టు.

పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ, స్వెన్యాకు చేశాడు, పళ్ళాలు ఉంచమ్మా, ఆ గుసగుస కూడానా అండీ, ఎక్కడ ఉందో అక్కడే ఉండనీ, పాట అడుగున, ఎవరికీ వినబడకుండా, రికార్డు లోపలి కాగితంలో మా నలుగురి పేర్ల కింద ఒక పేరు చేర్చు, ఆల్ముట్, లెక్క, అని, లెక్క అంటేనా అండీ, అంతే, లెక్క, అవతల ఆ పిల్ల రాసుకుంటూ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, తర్వాత డెట్లెఫ్‌కు చేసి ఫోను హెడ్‌ఫోన్ల దగ్గర పెట్టి వినిపించాడు, అంటే నేను ముందే కొట్టలేదన్నమాట, అన్నాడు వాడు, లేదురా, ఆవిడ లెక్కకు సరిగ్గా తిరిగావు, మనందరం తిరిగాం, మరి మనం లెక్క వద్దని ఓటేశాం కదరా, ఆవిడ ఓటెయ్యలేదురా, ఆ రోజు వంటింట్లో ఉంది, డెట్లెఫ్ దగ్గినట్టు నవ్వాడు, సరే అయితే ఇప్పుడు వేద్దాం, పళ్ళాలు ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి, గెర్నోట్ ఖాళీ వంటింట్లో చెయ్యెత్తాడు, ఎత్తావా, ఎత్తాన్రా, నేనూ ఎత్తాను, ఓసాకా ఆయనకు ఉత్తరం నేనే రాస్తాను, అన్నాడు డెట్లెఫ్.

సూపు గోరువెచ్చగా ఉంది, నీలిగీత పళ్ళెం ఒకటి తీసి బల్లమీద పెట్టాడు, చిన్నగా మోగింది, కిటికీలోంచి వెనిలా, ఎవరికీ చెప్పలేదు ఆమె, నలుగురు పెద్దమనుషులు మాకు పెద్ద లేడు అని లోకమంతా చెప్పుకుని తిరుగుతుంటే పక్కన నించుని తలూపింది, తను అన్న ఆ మాటకు కూడా సూపు చల్లారిపోతోంది అని ఊరుకుంది, బూట్ల బెంచీ, చల్లని కాఫీ, ఇప్పుడే అనే ఆ అబద్ధం, దుప్పటిమీద వేళ్ళు నాలుగు, మళ్ళీ నాలుగు, నలభై ఆరేళ్ళు ఆ తలుపు అవతల గాయపడ్డ మనిషి కూర్చుని ఉందనుకున్నాడు, మొదటి చెంచా నోటిదాకా వచ్చి ఆగింది, కాదు, గుమ్మం దాటలేక ఆగిపోయింది కాదు, అతను ఎక్కడ ఇరుక్కున్నాడో వింటూ, ఎప్పుడు తిరుగుతాడో చూస్తూ, ఆల్ముట్ అక్కడ లెక్కపెడుతూ కూర్చుంది.