ఇరవై అయిదు డిగ్రీల కొలత

ఉపగ్రహానికి వెళ్లే సోలార్ సెల్లులను కొలిచి చూడటం సోఫియా నగరంలోని ప్రయోగశాలలో యోర్దాంక పని. ఒక్కో సెల్లునూ పెద్ద దీపం కింద పెట్టి, వేడి ఇరవై అయిదు డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ, ఎంత కరెంటు వస్తోందో రాసుకునేది. ఆమె బాగుందంటే పైవాళ్లు మళ్లీ చూసేవారు కాదు.

ఆమె కింద పనిచేసే మెతోదికి మాత్రం ఆ కొలత మీద గురి కుదరలేదు. ఒకరోజు ఇంటి నుంచి కరెంటు పొయ్యి తెచ్చి, ఒక సెల్లును దాని మీద వేడిచేస్తూ మీటరు చూస్తున్నాడు.

"వెలుతురు తగ్గలేదక్కా, వేడెక్కేకొద్దీ వోల్టేజీ ఎలా జారిపోతోందో చూడు. పైన ఎండలో ఇవి ఎనభై డిగ్రీలకు పోతాయి. పైగా అక్కడి రేడియేషన్ వీటిని లోపల్నుంచి గుల్ల చేస్తుంది. ఒక్క నెల గడువడుగు. ఆ రెండూ పరీక్షించి పంపుదాం."

అప్పటికే గడువు రెండుసార్లు దాటింది. గదిలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఎలాగూ పొయ్యి వెలిగించావు, రొట్టె, చీజూ కూడా తేవాల్సింది నాయనా. అందరికీ టిఫిను అయిపోయేది" అంది.

గదంతా పడీపడీ నవ్వింది. మెతోది కూడా నవ్వి, పొయ్యి తీసేశాడు.

ఉపగ్రహం పైకెళ్లిన ఏడాదికి కరెంటు చాలక అందులోని పరికరాలను ఒక్కొక్కటిగా ఆపేయాల్సి వచ్చింది. విచారణకు వచ్చిన పెద్దమనిషి యోర్దాంకను ఒకటే అడిగాడు.

"ఇలా అవుతుందని ముందే ఎవరైనా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు."

పక్క కుర్చీలో ఉన్న మెతోది ఆమె ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆమెకు మందలింపుతో సరిపోయింది. అందరికంటే చిన్నవాడు కాబట్టి అతడి ఉద్యోగం పోయింది. స్మోల్యాన్ కొండల్లో ఒక ఊళ్లో బడిపంతులుగా చేరాడని తర్వాత తెలిసింది.

పదకొండేళ్ల తర్వాత చెల్లెలి కూతురి పెళ్లికి యోర్దాంక ఆ ఊరు వెళ్లింది. సంతలో మిరపకాయలు కాల్చి ఇచ్చే కొట్టు దగ్గర, సంచి పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు మెతోది. ముందు అతడే గుర్తుపట్టాడు.

"అక్కా, నువ్వేనా? నిన్నొకటి అడగాలి. ఇన్నేళ్లూ చెప్పేవాళ్లు దొరకలేదు. ఆ సెల్లుల కరెంటు చివరికి ఎంత పడిపోయింది?"

"ముప్పై ఒక్క శాతం."

"నేను ఇరవై ఆరు అనుకున్నాను." అతడి ముఖం నిజంగానే చిన్నబోయింది. "రేడియేషన్‌ను తక్కువగా లెక్కేసుంటాను. అయితే నాదీ తప్పే."

"మెతోదీ, ఆ రోజు నేను..."

"నెలనెలా ఎంతెంత పడిందో గుర్తుంటే రాసి పంపుతావా? పిల్లలకు చూపిస్తాను."

అంతలో అతడి వంతు వచ్చింది.

సోఫియా చేరగానే ఆమె ఉత్తరం మొదలుపెట్టింది. మొదటి నెల నుంచి ఆఖరి నెల దాకా అంకెలన్నీ పొల్లుపోకుండా రాసింది. అవి అయిపోయాక కలం పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఇంకేమీ రాయలేక, కవరు అంటించేసింది.