ఎరుపా, ఆకుపచ్చా

పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని ఊరంతా తిరగడం అక్కకి ఈ మధ్య ఒక పనైపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె దుకాణాల బోర్డులు రాస్తోంది. ఏ డబ్బాలో కుంచె ముంచినా, ఆరేసరికి 'అ' ఎర్రగా, 'మ' పసుపుగా తేలేవి. చిన్నప్పటినుంచీ ఆమెకి అవి అలాగే కనిపిస్తాయి మరి. రాయించుకునేవాళ్లు రంగు చెప్పడం ఎప్పుడో మానేశారు.

చెల్లెలు రాస్తే మాత్రం 'అ' ఆకుపచ్చగా, 'మ' ఊదాగా ఆరేవి. పలక పట్టిన రోజునుంచీ ఇద్దరికీ ఇదే గొడవ. పదకొండేళ్ల కిందట చెరో సగం రాసిన బోర్డు చూసి, "ఇది చూస్తే ఉన్న రోగం ముదిరేలా ఉంది" అన్నాడు మందుల షాపాయన. తప్పు నీదంటే నీదని మాటలు మానేశారు. చెల్లెలు వేరే వీధిలో కొట్టు పెట్టుకుంది. ఆ వీధిలో అక్క మళ్లీ అడుగు పెట్టలేదు. చెల్లెలి ఊసెత్తితే కుంచె విసురుతుందని ఎవరూ ఎత్తేవారు కాదు.

ఈ ఏడాది అక్క రాసిన పాత బోర్డులు ఒక్కొక్క అక్షరమే రంగు మార్చుకుంటున్నాయి. వాటిని చూసుకోవడానికే పొద్దున్నే ఈ తిరుగుడు.

"అక్కా, నీ 'మ' కూడా ఊదా అయింది" అన్నాడు సెలూన్ అతను, గడ్డం గీస్తూనే.

"తెలుసు. నువ్వు కత్తి చూసుకో."

"ఇంకోటి. మీ చెల్లెలు కొట్టు మూసేసింది. ఇవాళ రైలుకి పోతోందట. ఇక రాదట."

అక్క కుంచె విసరలేదు. నిచ్చెనెక్కి అతని బోర్డు చూసింది. మిగిలిన ఒక్క 'అ' కూడా ఆకుపచ్చగా ఉంది. పైగా అది తప్పుగా అనిపించలేదు, ఎప్పుడూ అంతేనేమో అనిపించింది. దీనికా ఇన్నేళ్లు? సిగ్గేసింది, ఏడుపొచ్చింది. నిచ్చెన అక్కడే వదిలేసి పరుగెత్తింది.

చెల్లెలి పెట్టె అప్పటికే ఆటోలో ఉంది.

"ఒసే, 'అ' ఆకుపచ్చేనే. ఒప్పుకుంటున్నా" అంది అక్క ఆయాసపడుతూ.

"కళ్లు పోయాయా? పైకి చూడు."

చెల్లెలి కొట్టు బోర్డు మీద 'అ' ఎర్రగా మెరుస్తోంది.

"నాకూ మారిపోయాయి. నువ్వు చెప్పిందే నిజమక్కా. ఆ మాట నీ మొహం చూసి చెప్పలేకే పోతున్నా."

"నిజం కాదే! ఆకుపచ్చ!"

"ఎరుపు!"

ఆటో అతను మూడుసార్లు హారన్ కొట్టాడు. "అమ్మా, రైలు టైమైంది."

"పెట్టె దింపెయ్ బాబూ" అంది చెల్లెలు, అటు చూడకుండానే. "దీనికి ముందు 'అ' నేర్పాలి."